మధ్యాహ్నం పూట ఆగే కంప్రెసర్: గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ప్యానెల్ ఫిల్టర్ల కేస్ స్టడీ

గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. అమ్మోనియా ప్లాంటు, రెండు కంప్రెసర్లు. పెద్ద కంప్రెసర్‌కు 55 కిలోవాట్ల మోటారు, దాన్ని నడిపేది వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్. అది ఉండే రేకు పెట్టెనే ప్యానెల్ అంటాం. మే నెల రెండో సగంలో నాకు ఫోను వచ్చింది. డ్రైవ్ రోజూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఓవర్ టెంపరేచర్ చూపించి ట్రిప్ అవుతోంది, అంటే తనంతట తానే ఆగిపోతోంది. అరగంట ఆపి మళ్లీ వేస్తే నడుస్తోంది. సాయంత్రం ఐదు దాటితే ఏ గొడవా లేదు, రాత్రంతా శుభ్రంగా తిరుగుతుంది. డ్రైవ్ అమ్మిన డీలరు మనిషి వచ్చి చూసి దాని లోపలి పవర్ కార్డు (సర్క్యూట్ బోర్డు) మార్చాలన్నాడట. ఆ ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఇంకొకరి చేత చూపిద్దామని మేనేజరు గారు అనుకున్నారు.

ఈ ఊళ్లో ఈ లోపం ఈ నెలలోనే ఎందుకు బయటపడుతుందో ముందు చెప్పాలి. మిర్చి యార్డుకు సరుకు ఉద్ధృతంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి మే దాకా. ధర నచ్చని రైతు, ధర పెరుగుతుందని నమ్మిన వ్యాపారి టిక్కీలను (మిర్చి బస్తాలను) తెచ్చి కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఎండలో లారీ మీద వచ్చిన వేడి సరుకును పది డిగ్రీల లోపుకు దించాలి. అంటే కంప్రెసర్ మీద ఏడాదిలోకెల్లా ఎక్కువ లోడు పడేది అప్పుడే. హమాలీలు టిక్కీలు దించుతుంటే ఎర్రటి దుమ్ము లేచేది అప్పుడే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఎండలూ అప్పుడే. లోడు, దుమ్ము, వేడి మూడూ ఒకే నెలలో వచ్చి ఒకే ప్యానెల్ మీద పడతాయి. డిసెంబరులో ఇదే ప్యానెల్‌ను చూసినవాళ్లు దానిలో లోపం ఉందని చెప్పలేరు.

మొదట కనిపించింది

మెషీన్ రూములోకి వెళ్లేసరికి ప్యానెల్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురుగా స్టాండు ఫ్యాను ఫుల్ స్పీడులో తిరుగుతోంది. ఆంధ్రలో వేసవికాలంలో ఈ దృశ్యం కనిపించని ఫ్యాక్టరీ తక్కువ. చల్లబడుతుందనే ఆశతో చేసే పనే, ఓ గంటసేపు చల్లబడుతుంది కూడా. కానీ తలుపు తెరిచిన ప్యానెల్‌లోకి దుమ్ము నేరుగా వెళ్లి డ్రైవ్ వెనుక ఉన్న హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే లోహపు దిమ్మ) రెక్కల మధ్య కూరుకుంటుంది. తలుపు మూసి ఉంటే కింది నుంచి వచ్చిన గాలి డ్రైవ్‌ను తాకుతూ పైకి పోవాలి. తెరిస్తే ఆ దారే ఉండదు. పైగా 415 వోల్టుల బస్‌బార్లు మనుషులు తిరిగే దారికి ఎదురుగా ఉంటాయి. అమ్మోనియా ఉన్న గదిలో ఇంకో సంగతి ఉంది. ఎక్కడైనా గ్లాండు (సీలు) కారితే ఆ అమ్మోనియా గాలి రాగిని, ఇత్తడిని తింటుంది. ఫిల్టరు దుమ్మును ఆపుతుంది గానీ వాయువును ఆపదు. ఈ ప్యానెల్‌లో కంట్రోల్ వైర్ల చివర్లు అప్పటికే నల్లబడి ఉన్నాయి.

ముందు ఏదీ శుభ్రం చేయలేదు. ఇది నేను గట్టిగా పట్టే నియమం. వచ్చీ రాగానే బ్లోవరుతో దుమ్ము ఊదేస్తే రోగం తగ్గవచ్చు, ఏది తగ్గించిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. తలుపు మూయించి, స్టాండు ఫ్యాను తీయించి, మధ్యాహ్నం దాకా డ్రైవ్‌ను అలాగే నడవనిచ్చాం. ఒక ప్రోబును డ్రైవ్ గాలి పీల్చుకునే చోట, ఇంకొకదాన్ని ప్యానెల్ బయట కింది గ్రిల్లు ముందు పెట్టాను. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఈ పనికి పనికిరాదు. మెరిసే అల్యూమినియం మీద, రాగి మీద అది అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. గన్ తప్ప గతిలేకపోతే కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఆ టేపు మీద కొలవాలి.

రెండున్నరకు బయట 44 డిగ్రీలు, లోపల 63. తేడా 19. డ్రైవ్ ఫాల్ట్ చరిత్రలో హీట్‌సింక్ ఉష్ణోగ్రతలు వరుసగా నమోదై ఉన్నాయి, అన్నీ మధ్యాహ్నానివే. కార్డు పాడైతే లోపం గడియారం చూసుకుని రాదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి లేదు

తలుపు కింది భాగంలో రెండు ఫిల్టరు ఫ్యాన్లు, పైభాగంలో రెండు ఉత్త గ్రిల్లులు. కింద లోపలికి లాగాలి, పైన బయటికి పోవాలి. నాలుగింటిలోనూ మ్యాట్లు, అంటే దుమ్మును ఆపే ఫిల్టరు ముక్కలు, ఉంటాయి.

“ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి కదండీ” అన్నాడు ఆపరేటరు. పాతికేళ్లుగా అమ్మోనియా ప్లాంట్లు నడుపుతున్న మనిషి. హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ బయటికి తోసే వాయువు ఒత్తిడి) ముల్లు కాస్త పెరిగితే చాలు, ఎవరూ చెప్పకుండానే కండెన్సరు దగ్గరికి వెళ్లి నీళ్లు సరిగ్గా పడుతున్నాయో లేదో చూస్తాడు. ఆ పని ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్యానెల్‌కు మాత్రం చూసుకోవడానికి ముల్లంటూ ఏదీ లేదు.

పల్చటి కాగితం పట్టీ ఒకటి చింపి ఎడమ గ్రిల్లు ముందు పట్టుకున్నాను. కాగితం నీరసంగా గ్రిల్లు వైపు వంగింది, అంటుకోలేదు. కుడి గ్రిల్లు ముందు పట్టుకుంటే నా వైపు ఎగిరింది. ఆపరేటరు కాగితం తీసుకుని తానే మళ్లీ పట్టి చూశాడు. మళ్లీ ఎగిరింది.

కుడివైపు ఫ్యాను తిరగేసి బిగించి ఉంది. కిందటేడు పాతది కాలిపోతే బజారులో అదే సైజుది తెచ్చి వేశారట. బోల్టు రంధ్రాలు రెండువైపులా సరిపోతాయి, వైరుకు రెండే కొసలు, ఎలా బిగించినా తిరుగుతుంది. ఫ్యాను బాడీ మీద అచ్చుపోసిన రెండు చిన్న బాణాలుంటాయి. ఒకటి రెక్క తిరిగే దిక్కు, రెండోది గాలి పోయే దిక్కు. వాటిని చూడకుండా బిగించినందువల్ల ఎడమ ఫ్యాను లోపలికి తెచ్చిన కాస్త గాలినీ కుడి ఫ్యాను పక్కనుంచే బయటికి తోసేస్తోంది. డ్రైవ్ దాకా చేరే గాలి చాలా తక్కువ.

మ్యాటు బయటికి తీస్తే చేతికి జిగటగా తగిలింది. మామూలు దుమ్ము పట్టిన మ్యాటు దులిపితే రాలుతుంది. ఇది రాలలేదు. మిరపపొడిలో నూనె ఉంటుంది, అది పాలియెస్టర్ నూలుకు అతుక్కుని మిగతా దుమ్మును పట్టి ఉంచుతుంది. గోనె సంచుల పీచు దాని మీద పరుచుకుంది. మధ్యలో మిరపగింజలు, తొడిమ తునకలు. నేను మాస్కు వేసుకునే తీశాను. వేసుకోని కుర్రాడు ఒకరు బయటికి పరుగెత్తారు, ఆయన తుమ్ములు లోడింగ్ బే దాకా వినిపించాయి.

పై గ్రిల్లుల సంగతి ఇంకా ఘోరం. వాటిలోని మ్యాట్లను ప్యానెల్ వచ్చిన రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు. కింది మ్యాట్లను మార్చేవాళ్లలో చాలామందికి పైన కూడా మ్యాటు ఉంటుందని తెలియదు. బయటికి పోయే గాలి శుభ్రంగానే ఉంటుంది కదా, పైన ఎందుకు మూసుకుపోతుంది అనవచ్చు. ఫ్యాన్లు ఆగినప్పుడు, తలుపు తెరిచి స్టాండు ఫ్యాను పెట్టినప్పుడు, ఈ ప్యానెల్‌లోలాగా ఒక ఫ్యాను ఎదురు తిరిగినప్పుడు గాలి పైనుంచి కూడా లోపలికి వస్తుంది. కింద ఎంత మంచి మ్యాటు వేసినా పైన దారి మూసుకుంటే ఫలితం ఉండదు.

కింది మ్యాట్లలో ఒకటి అసలుది కాదు. దాని స్థానంలో ఎవరో దట్టమైన తెల్ల ఫెల్టు ముక్క కత్తిరించి పెట్టారు. దుమ్ము బాగా ఆగాలనే మంచి ఉద్దేశమే. ఈ ఉద్దేశం ప్యానెళ్లను చంపుతుంది, ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

దట్టమైన మ్యాటు ఎందుకు పనికిరాదు

పెద్ద ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లలో సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్లుంటాయి. అవి వందల పాస్కల్స్ ఒత్తిడి పుట్టించగలవు కాబట్టి ఫిల్టరు బాగా నిండేదాకా ఆగి మార్చినా నడుస్తుంది. ప్యానెల్ తలుపులో ఉండే చిన్న ఏక్సియల్ ఫ్యాను (రెక్కలతో గాలిని నేరుగా ముందుకు తోసే రకం) అలాంటిది కాదు. అది పుట్టించగల గరిష్ఠ ఒత్తిడి సాధారణంగా 100 పాస్కల్స్ లోపే. నీటి మట్టంలో చెప్పాలంటే సెంటీమీటరు కూడా కాదు. ఆ గరిష్ఠం దగ్గర గాలి ప్రవాహం సున్నా. మ్యాటు కొద్దిగా బరువెక్కినా ప్రవాహం చప్పున పడిపోతుంది. రెక్క మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది, చూసేవారికి అంతా బాగున్నట్టే ఉంటుంది. చెవి పెట్టి వింటే శబ్దం కాస్త బొంగురుపోయి ఉంటుంది, అంతే. తన మోటారును చల్లబరిచే గాలి కూడా తగ్గిపోవడంతో ఆ ఫ్యాను బేరింగులు కూడా త్వరగా పోతాయి. కిందటేడు కాలిన ఫ్యాను అలాగే కాలి ఉంటుందని నా అంచనా.

అందుకే ప్యానెల్ ఫ్యాన్లకు తయారీదారులు ఇచ్చేది ముతక మ్యాట్లే, పాత ఈఎన్ 779 లెక్కలో జీ3, జీ4 రకాలు. ఆ ప్రమాణం స్థానంలో 2016లో ఐఎస్‌ఓ 16890 వచ్చింది, ఇప్పుడు వీటిని కోర్స్ అనే వర్గంలో శాతాలతో చూపుతారు. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే మాత్రం ఇప్పటికీ జీ4 అంటేనే ఇస్తారు. రోల్ తెచ్చి కత్తిరించుకోవడంలో తప్పేమీ లేదు, పాత మ్యాటు మందం, రకం రెండూ సరిపోవాలి. ఇంకో చిన్న విషయం: చాలా మ్యాట్లు ఒకవైపు వదులుగా, రెండోవైపు దట్టంగా అల్లి ఉంటాయి. వదులు వైపు గాలి వచ్చే దిక్కుకు ఉండాలి. అప్పుడు దుమ్ము మందమంతా పంచుకుని కూర్చుంటుంది. తిరగేసి పెడితే పైపొర మీదే పొరకట్టి త్వరగా మూసుకుపోతుంది. కొందరు విసిగిపోయి మ్యాటు తీసేసి ఉత్త గ్రిల్లుతో నడుపుతారు. ఆ క్షణం నుంచి ప్యానెల్ మీద రాసిన ఐపీ54 (దుమ్ము, నీటి తుంపరల నుంచి రక్షణ ఎంతో చెప్పే గుర్తు) అనే అక్షరాలకు విలువ లేదు.

లెక్క వేస్తే బయటపడింది

ఫిల్టరు ఫ్యాన్లకు అందరూ వాడే లెక్క ఒకటుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే ఊళ్లలో, ప్యానెల్‌లో పుట్టే వేడిని వాట్లలో తీసుకుని 3.1తో గుణించి, లోపలికీ బయటికీ ఒప్పుకోదగిన తేడాతో భాగిస్తే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి కావాలో వస్తుంది. గుంటూరుకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ఈ డ్రైవ్ ఆ లోడు మీద, అప్పటి సెట్టింగులతో 1,400 వాట్ల దాకా వేడి పుట్టిస్తోంది. డ్రైవ్ మాన్యువల్ ప్రకారం 40 డిగ్రీల దాకా పూర్తి సామర్థ్యం, ఆ పైన డిగ్రీకి ఒక శాతం చొప్పున తగ్గించుకుంటూ 50 దాకా నడపవచ్చు. బయట 44 ఉంటే మనకు మిగిలిన తేడా 6 డిగ్రీలే. 1,400ను 3.1తో గుణించి 6తో భాగిస్తే గంటకు 720 ఘనపు మీటర్ల పైన కావాలి.

ఆ ఫ్యాన్ల మీద రాసింది ఒక్కోటి 230. అది ఎదురు ఏమీ లేనప్పటి మాట. పై గ్రిల్లు, మ్యాటు కలిపి కేటలాగులో ఇచ్చిన రెండో అంకె 170. కొనేటప్పుడు చూడాల్సింది ఆ రెండో అంకెనే, అమ్మేవాళ్లు చెప్పేది మాత్రం ఎప్పుడూ మొదటిదే. రెండింటికీ కలిపి 340. అన్నీ కొత్తగా, సవ్యంగా ఉన్నా కావలసిన దానిలో సగం కూడా రాదు.

ఇంత తక్కువ ఫ్యాన్లు ఎందుకు పెట్టారు? అడిగితే తెలిసింది, ఆ ప్యానెల్ మొదట సాఫ్ట్ స్టార్టర్ (మోటారును మెల్లగా లేపే పరికరం) కోసం కట్టింది. సాఫ్ట్ స్టార్టర్ మోటారు లేచేదాకా వేడెక్కుతుంది, ఆ తర్వాత బైపాస్ కాంటాక్టరు లోడు తీసుకుంటుంది, ఇక దానికి పెద్దగా వేడి ఉండదు. ఆ పనికి ఆ రెండు ఫ్యాన్లు ఎక్కువే. కరెంటు ఆదా కోసం అదే పెట్టెలో వీఎఫ్‌డీ పెట్టించినప్పుడు గాలి లెక్క ఎవరూ మళ్లీ వేయలేదు. కాబట్టి మురికి మ్యాటు, తిరగబడిన ఫ్యాను ఇక్కడ సగం కారణాలే. డీలరు మనిషి చెప్పిన కార్డుకు మాత్రం ఏ పాపమూ తెలియదు.

సీజన్ మధ్యలో చేసినవి

మే నెలలో కంప్రెసర్‌ను రోజంతా ఆపుతామంటే ఏ యజమానీ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. చాంబర్లో సరుకు ఇంకా చల్లబడుతోంది. తెల్లవారుజామున రెండో కంప్రెసర్ మీద లోడు మోపగలిగిన కొద్ది గంటల్లో పని ముగించాలి.

ఐసోలేటరు (కరెంటు తెంపే మెయిన్ స్విచ్చు) ఆపి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో వోల్టేజి ఉండిపోతుంది కాబట్టి మాన్యువల్ చెప్పిన సమయం ఆగి, డీసీ టెర్మినళ్ల మీద మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టాం. హీట్‌సింక్ రెక్కలను వాక్యూమ్ క్లీనరుతో, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేశాం. అక్కడి ఎయిర్ కంప్రెసరు గొట్టం తెస్తామన్నారు, వద్దన్నాను. ఆ గాలిలో తేమ, నూనె ఉంటాయి. ఊదిన మిరపదుమ్ము గది నిండి మళ్లీ ప్యానెల్‌లోకే చేరుతుంది. పైగా డ్రైవ్ ఫ్యాను రెక్క మీద గాలి పడితే అది హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. తప్పనిసరైతే రెక్కను పట్టుకుని ఊదాలి.

తిరగబడిన ఫ్యానును సరిచేసి, పైనా కిందా నాలుగు మ్యాట్లూ మార్చాం. మామూలు దుమ్ము పట్టిన పాలియెస్టర్ మ్యాట్లను గోరువెచ్చని నీళ్లలో, కాస్త సబ్బుతో ముంచి తీసి, పిండకుండా ఆరబెట్టి కొన్నిసార్లు వాడుకోవచ్చు. మిర్చి దగ్గర నేను ఆ మాట చెప్పను. నూనె పోదు, పోయేలా రుద్దితే మ్యాటు చిరుగుతుంది. మ్యాటు ఖరీదు ఎంతని?

కాగితం పట్టీ ఇప్పుడు రెండు కింది గ్రిల్లులకూ అతుక్కుని నిలబడింది. మధ్యాహ్నం లోపలికీ బయటికీ తేడా 19 నుంచి 11కు దిగింది. ట్రిప్పులు ఆగాయి. అయినా బయట 44 ఉంటే లోపల 55, డ్రైవ్ హద్దు ఇంకా దాటే ఉంది. ఇలా నడిస్తే డ్రైవ్ ఈ రోజు ఆగదు గానీ లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అరిగిపోతాయి. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందనేది ఈ రంగంలో అందరికీ తెలిసిన లెక్క.

అందుకని ఇంకో రెండు పనులు చేశాం. మెషీన్ రూము గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను వెనుక, బయటివైపు, ఖాళీ గోనెలు పేర్చి ఉన్నాయి. అవి తీయించాక గది 44 నుంచి 41కి వచ్చింది. అమ్మోనియా గదిలో ఎగ్జాస్టు మూసుకోవడం వేడి కంటే పెద్ద ప్రమాదం, ఆ మాట మేనేజరు గారికి విడిగా, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండోది డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ, అంటే లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్చులు సెకనుకు ఎన్నిసార్లు ఆన్, ఆఫ్ అవుతాయన్న సెట్టింగు. మోటారు నుంచి సన్నటి కూత వస్తోందని ఎవరో దాన్ని 8 కిలోహెర్ట్జ్‌కు పెంచారు. 4కు దించాను. కూత పెరిగింది, డ్రైవ్‌లో పుట్టే వేడి తగ్గింది. మెషీన్ రూములో కూత వినేవాళ్లెవరు? తేడా 9 అయింది, లోపల 50. హద్దు మీద నిలిచింది. సీజన్ గట్టెక్కడానికి అది చాలు, శాశ్వతంగా చాలదు.

ఫ్యాన్లకు థర్మోస్టాట్ లేదు, ఇరవై నాలుగు గంటలూ తిరిగేవి. నీలం డయల్ ఉన్న థర్మోస్టాటు ఒకటి పెట్టి 35 మీద ఉంచాను. కంప్రెసర్ ఆగి ఉన్న గంటల్లో ఫ్యాన్లు కూడా ఆగుతాయి, పీల్చే దుమ్ము తగ్గుతుంది, మ్యాటు ఇంకొన్నాళ్లు వస్తుంది. ఎరుపు డయల్‌ది హీటర్ల కోసం. అది వేడెక్కితే తెగుతుంది, ఫ్యానుకు వేస్తే సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది. ఆ పొరపాటు వేరేచోట్ల చూశాను.

తేదీ కాదు, తేడా

మేనేజరు గారు అడిగిన మొదటి ప్రశ్న, మ్యాటు ఎన్ని రోజులకొకసారి మార్చాలి అని. రోజులు చెప్పడానికి నేను ఒప్పుకోలేదు. మార్చిలో లారీలు బారులు తీరినప్పుడు వారానికే నిండే మ్యాటు, అక్టోబరులో రెండు నెలలైనా తెల్లగా ఉండవచ్చు. క్యాలెండరు చూసి మారిస్తే సీజన్‌లో ఆలస్యమవుతుంది, అన్‌సీజన్‌లో వృథా అవుతుంది.

ప్యానెల్ తలుపు మీద రెండు చవకరకం డిజిటల్ థర్మామీటర్లు పెట్టించాం, ఒకటి లోపలి ప్రోబుతో, ఒకటి బయటిది. షిఫ్టుకు ఒకసారి సక్షన్ ప్రెషర్, హెడ్ ప్రెషర్ రాసే లాగ్‌బుక్కులోనే ఇంకో మూడు గళ్లు గీశాం: లోపల, బయట, ఆంపియర్లు. ఆంపియర్లు ఎందుకంటే లోడు తగ్గితే వేడీ తగ్గుతుంది, అప్పుడు తేడా తగ్గినా మ్యాటు బాగున్నట్టు కాదు. ఒకే రకం ఆంపియర్ల దగ్గర ఉన్న అంకెలనే పోల్చుకోవాలి. కొత్త మ్యాట్లు వేసిన రోజు వచ్చిన తేడా 9ని పుస్తకం మొదటి పేజీలో రాసి గుండ్రం చుట్టాం. అది 12 దాటితే నాలుగు మ్యాట్లూ ఒకేసారి మార్చాలి. ఆపరేటరు ఆ గడి చూసి, “ఇది కూడా హెడ్ ప్రెషర్ లాంటిదేనన్నమాట” అన్నాడు. ఇక నేను వివరించాల్సింది మిగల్లేదు.

సరుకు ఖాళీ అయ్యాక

డిసెంబరులో చాంబర్లు సగానికి పైగా ఖాళీ అయ్యాక శాశ్వత పని చేశాం. బయటి గాలిని లోపలికి తెచ్చే ఏ ఫ్యానూ ప్యానెల్‌ను బయటి ఉష్ణోగ్రత కంటే చల్లగా ఉంచలేదు. గదిలో 44 ఉండే ఊళ్లో 50 దాటకూడని వస్తువును గాలితోనే కాపాడాలంటే తలుపు నిండా ఫ్యాన్లే పెట్టాలి, దుమ్ము కూడా అంత లోపలికి వస్తుంది, అమ్మోనియా వాసన తగిలిన గాలీ వస్తుంది. కాబట్టి తలుపులోని నాలుగు రంధ్రాలనూ రేకు, గ్యాస్కెట్టుతో మూసి, పక్కన ప్యానెల్ ఏసీ బిగించాం. వేడి లెక్క 1,550 వాట్లు వచ్చింది, వేడి గది నుంచి ప్యానెల్ గోడల గుండా లోపలికి వచ్చేది కూడా కలిపి. కేటలాగులో పెద్ద అక్షరాల సామర్థ్యం బయట 35 డిగ్రీలున్నప్పటిది. 50 దగ్గర ఎంత మిగులుతుందో చూసి 2,000 వాట్లది ఎంచుకున్నాం.

దాన్ని 35 మీద పెట్టాం. కుర్రాళ్లు 25 పెడదామన్నారు. తీరానికి దగ్గరి ఊళ్లో తేమ ఎక్కువ, అంత చల్లగా పెట్టి తలుపు తెరిస్తే కార్డుల మీద నీరు పడుతుంది. తలుపు తెరవగానే ఏసీ ఆగేలా స్విచ్చు పెట్టాం, నీరు పోయే గొట్టం వంకర లేకుండా గది బయటికి తీశాం.

ఏసీ పెట్టాం కాబట్టి ఫిల్టరు బాధ తీరిందనుకుంటే పొరపాటే. ప్యానెల్ లోపలి గాలి తనలో తాను తిరుగుతుంది, దానికి దుమ్ము లేదు. బయటివైపు కండెన్సరుకు మాత్రం మ్యాటు ఉంది, అది పీల్చేది అదే మిరప దుమ్మును. అది నిండితే ఏసీ తన హెడ్ ప్రెషర్ పెరిగి ఆగిపోతుంది. ఇప్పుడు పక్కన గాలి దారి కూడా లేదు, ప్యానెల్ మునుపటి కంటే త్వరగా వేడెక్కుతుంది. అందుకని లోపలి ఉష్ణోగ్రత 42 దాటితే మోగే అలారం ఒకటి కలిపాం.

రెండో కంప్రెసర్‌కు ఇప్పటికీ సాఫ్ట్ స్టార్టరే. దాని ప్యానెల్‌లో ఫిల్టరు ఫ్యాన్లే ఉన్నాయి, కొత్త మ్యాట్లతో తేడా 4 వచ్చింది. మార్చాల్సిన హద్దు 7 అని రాసిపెట్టాం. కత్తిరించిన మ్యాట్లను పాలిథిన్ సంచిలో కట్టి ఆఫీసు గదిలో ఉంచమన్నాను. మెషీన్ రూము అలమారలో ఉంచితే వాడకముందే ఎర్రబడతాయి.